గుట్టు ఎవరి చేతిలో ఉంది? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఫోన్లు, కెమెరాలు, కార్డులు మన సొంత విషయాలను ఎంతవరకు బయటపెడుతున్నాయన్న అంశం మీద ప్రశ్నలు పంపమని కిందటి సంచికలో కోరాము. వచ్చిన ఉత్తరాల్లో చాలా భాగం ఫోన్‌తో మొదలై, చివరికి ఆడపడుచు, అమ్మ, స్నేహితుడు, పక్కింటాయన అంటూ మనుషుల దగ్గరికి వచ్చి ఆగాయి. ఉత్తరాలను కుదించి, పేర్లు తీసేసి, ఊరు మాత్రమే ఉంచి ఇక్కడ ఇస్తున్నాము.

ప్రశ్న (గృహిణి, విజయవాడ): మా ఆడపడుచు వచ్చి రెండు రోజులు ఉంది. భోజనాల దగ్గర వెట్ గ్రైండర్ల గురించి మాట్లాడుకున్నాము. నేను ఫోన్‌లో ఏమీ వెతకలేదు. అయినా సాయంత్రానికల్లా నా ఫోన్‌లో గ్రైండర్ల ప్రకటనలు వరుసకట్టాయి. ఫోన్ మన మాటలు వింటున్నదా?

జవాబు: ఈ అనుమానం మీ ఒక్కరిదే కాదు. వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువసార్లు కనిపించిన ప్రశ్న ఇదే. వస్తువు మాత్రం మారుతుంది: ఒకరికి గ్రైండరు, ఒకరికి మోకాళ్ల నొప్పుల తైలం, ఇంకొకరికి పెళ్లిసంబంధాలు. ఫోన్లు నిజంగానే చాటుగా వింటున్నాయా అని పరీక్షించి చూసినవారున్నారు. అమెరికాలోని నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో 17 వేలకు పైగా ఆండ్రాయిడ్ యాప్‌లను పరిశీలించారు. రహస్యంగా మైకు తెరిచి మన మాటలను బయటికి పంపుతున్న ఆనవాలు వారికి కనబడలేదు. దానికి బదులు మరొకటి దొరికింది: కొన్ని యాప్‌లు తమ తెర మీద మనం ఏమి నొక్కుతున్నామో వీడియోగా తీసి, మనకు చెప్పకుండా వేరే సంస్థకు పంపుతున్నాయి. కాబట్టి ఫోన్ అమాయకురాలని నేను అనడం లేదు. మీ గ్రైండరు విషయంలో దానికి వినవలసిన అవసరమే పడి ఉండదని మాత్రం అంటున్నాను.

ఎలాగో చూడండి. ప్రతి ఆండ్రాయిడ్ ఫోనుకూ ప్రకటనల కోసం ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. మీరు వంటల యాప్ తెరిచినా, వార్తలు చదివినా, ఆ పేజీలో ఖాళీగా ఉన్న ప్రకటన చోటు అప్పటికప్పుడు వేలానికి వెళుతుంది. ఈ సంఖ్య గల ఫోన్, ఈ ఊళ్లో, ఈ వేళప్పుడు, ఈ రకం పేజీ చూస్తున్నదన్న సమాచారం పాటకు వచ్చిన కంపెనీలన్నిటికీ చేరుతుంది, రెప్పపాటులో పాట ముగుస్తుంది, గెలిచినవాడి ప్రకటన మీ తెర మీద పడుతుంది. పాటలో ఓడినవారి చేతికి కూడా ఆ సమాచారం అందిందన్న సంగతి మనకు తట్టదు. ఇక మీ ఆడపడుచు రెండు రోజులు ఉన్నారంటే ఆమె ఫోన్ మీ ఇంటి వైఫైలో చేరే ఉంటుంది. ఒకే వైఫై మీద ఉన్న ఫోన్లన్నీ బయటివారికి సాధారణంగా ఒకే ఇంటర్నెట్ చిరునామాగా కనిపిస్తాయి. మీరు వెతకలేదు సరే. భోజనాలయ్యాక ఆమె ఒక మూల కూర్చుని రెండు లీటర్లది మంచిదా, మూడు లీటర్లది మంచిదా అని వెతికి ఉంటే, ఆ ఇంట్లో ఎవరికో గ్రైండరు కావాలని ప్రకటనల వ్యాపారానికి అర్థమైపోతుంది. మీవారి ఫోనుకు కూడా అవే ప్రకటనలు వచ్చాయేమో ఒకసారి అడిగి చూడండి. వచ్చి ఉంటే నా ఊహకు కొంత బలం చేకూరినట్టే.

హాల్లో ఉన్న స్మార్ట్ టీవీని కూడా మరిచిపోవద్దు. తెర మీద ఏ కార్యక్రమం నడుస్తున్నదో గుర్తుపట్టి కంపెనీకి చేరవేసే ఏర్పాటు కొన్ని టీవీల్లో ఉంటుంది. అమెరికాలో విజియో అనే కంపెనీ సుమారు కోటీ పది లక్షల టీవీల నుంచి ఇలా అనుమతి లేకుండా సమాచారం తీసుకున్నదన్న ఆరోపణ మీద, 2017లో 22 లక్షల డాలర్లు చెల్లించి అక్కడి ప్రభుత్వంతో రాజీపడింది.

మీరు చేయగలిగింది కొంత ఉంది. ఫోన్ సెట్టింగుల్లో ప్రకటనల విభాగానికి వెళ్లి ఆ గుర్తింపు సంఖ్యను తొలగించవచ్చు. ఆండ్రాయిడ్ 12 నుంచి, మైకు వాడుకలో ఉన్నంతసేపూ తెర పైమూలన పచ్చటి గుర్తు కనిపిస్తుంది. ఐఫోన్‌లో అది నారింజ రంగు చుక్క. ఇంత చేసినా ప్రకటనలు ఆగవు, వెంటపడేవి కొంత తగ్గుతాయి.

ప్రశ్న (విశ్రాంత ఉపాధ్యాయుడు, కరీంనగర్): సూపర్‌మార్కెట్‌లో రెండు సబ్బులు కొన్నా ఫోన్ నెంబరు అడుగుతున్నారు. ఇవ్వనంటే బిల్లు రాదంటున్నారు. ఇది సబబేనా?

జవాబు: సబబు కాదు మాస్టారూ. నెంబరు ఇస్తేనే బిల్లు ఇస్తామని పట్టుబట్టడం అనుచిత వ్యాపార పద్ధతి అవుతుందని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మే నెలలోనే వర్తక సంఘాలకు తెలియజేసింది. కౌంటరులో ఉన్న అమ్మాయితో వాదన పెట్టుకోవద్దు, ఆమె ముందున్న తెరలో నెంబరు గడి నింపితే గాని ముందుకు కదలదు. మేనేజరును పిలవమనండి. మీ వెనక వరుసలో నిలబడ్డవారు విసుక్కుంటారు, దానికి సిద్ధపడి అడగండి.

ప్రశ్న (డిగ్రీ విద్యార్థి, వరంగల్): హాస్టల్, స్కాలర్‌షిప్, పరీక్ష ఫీజు, లాడ్జిలో గది, ఎక్కడికి వెళ్లినా ఆధార్ జిరాక్స్ ఇవ్వాల్సి వస్తున్నది. ఇప్పటికి ఎన్ని కాపీలు ఇచ్చానో నాకే లెక్క తెలియదు. దీనివల్ల నిజంగా ప్రమాదం ఉందా, లేక ఊరికే భయపెడుతున్నారా?

జవాబు: కిందటి వారం నేను ఒక కాగితం ప్రింటు తీయించుకోవడానికి కాలేజీ ఎదుటి జిరాక్స్ సెంటరుకు వెళ్లాను. గోడ మీద ఒక వాట్సాప్ నెంబరు పెద్ద అక్షరాలతో అంటించి ఉంది, ఫైలు దానికి పంపితే ప్రింటు తీసి ఇస్తారు. నా ఫైలు కోసం ఆ అబ్బాయి కంప్యూటర్‌లో డౌన్‌లోడ్ల ఫోల్డరు తెరిచాడు. తెర నిండా ఆధార్లు, పదో తరగతి మెమోలు, పాన్ కార్డులు, బ్యాంకు పాసుబుక్కు మొదటి పేజీలు, ఒక పాప జనన ధ్రువపత్రం, ఎవరిదో స్కానింగ్ రిపోర్టు. అతను కిందికి జరుపుతూనే ఉన్నాడు, జాబితా తరగడం లేదు. ఇవన్నీ ఎప్పుడు తీసేస్తావు బాబూ అని అడిగితే, కంప్యూటర్ మెల్లగా నడిచినప్పుడు తీసేస్తానండీ అన్నాడు. పాపం, అతనిలో దురుద్దేశం ఏమీ లేదు, చేతినిండా పని ఉంది. కానీ ఆ కుర్చీలో రేపు ఎవరు కూర్చుంటారో, ఆ కంప్యూటర్‌ను పాతసామాను కింద ఎవరికి అమ్ముతారో మనకు తెలియదు. మీరు అడిగిన ప్రమాదం ఎక్కువగా ఇలాంటి చోట్లనే పుడుతుంది.

ఆధార్ నెంబరు ఒక్కటే చేతిలో ఉంటే మీ ఖాతా ఖాళీ చేయడం కష్టం. నెంబరుకు వేలిముద్ర తోడైతే కథ మారుతుంది. ఊళ్లలో బ్యాంకు మిత్రల దగ్గర డబ్బు తీయడానికి ఆధార్ నెంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర చాలు, ఓటీపీ అక్కర్లేదు. వేలిముద్ర ఎలా దొరుకుతుందంటారా? మన భూముల దస్తావేజుల మీద వేలిముద్రలు ఉంటాయి, ఆ దస్తావేజుల ప్రతులు ఆన్‌లైన్‌లో ఉండేవి. 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్‌కార్డులు అమ్మే ఒకతను తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి దస్తావేజులు దించుకుని, వాటి మీది ముద్రలతో రబ్బరు వేళ్లు తయారు చేసి, ఇతరుల పేర్ల మీద వేలకొద్దీ సిమ్‌లు తెరిపించాడని పోలీసులు పట్టుకున్నారు. పొలం అమ్మినాయనకు తన వేలు ఇంకొకరి దుకాణంలో పనిచేస్తున్నదని కలలో కూడా తోచి ఉండదు.

కాబట్టి మీరు ఈ పనులు చేయండి. ఆధార్ సంస్థ వెబ్‌సైట్ నుంచి మాస్క్‌డ్ ఆధార్ దించుకోండి. అందులో మొదటి 8 అంకెలు కనిపించవు, చివరి 4 మాత్రమే ఉంటాయి. లాడ్జికీ హాస్టలుకూ అది ఇచ్చి చూడండి. వేలిముద్రలను లాక్ చేసే వీలు కూడా అక్కడే ఉంది. అయితే మీ ఇంట్లో నెలనెలా రేషన్ షాపులో వేలు పెట్టేవారు ఎవరైనా లాక్ చేస్తే, ఆ రోజుకు తెరవడం మరిచిపోకూడదు, లేకపోతే బియ్యం లేకుండా తిరిగి రావాలి. ఇక తప్పనిసరై కాగితం ఇస్తే, దాని మీద అడ్డంగా ఎవరికి, ఎందుకు, ఏ తేదీన ఇస్తున్నారో రాసి సంతకం పెట్టండి. జిరాక్స్ సెంటరులో మీ ఎదుటే ఫైలు తీసేయమని, వాట్సాప్‌లో కూడా తీసేయమని అడగండి. రీసైకిల్ బిన్ సంగతి వాళ్లకు గుర్తు చేయవలసింది మనమే.

అన్నట్టు, ఆధార్ కాపీలు ఎవరికి పడితే వారికి ఇవ్వవద్దని 2022 మే నెలలో ఆధార్ సంస్థ బెంగళూరు కార్యాలయం ఒక ప్రకటన చేసింది. రెండు రోజులకే, ప్రజలు తప్పుగా అర్థం చేసుకునే వీలుందంటూ దాన్ని వెనక్కి తీసుకుని, మామూలు జాగ్రత్త పాటిస్తే చాలునన్నారు. ఆ మామూలు జాగ్రత్త ఎలా ఉంటుందో గోడ మీద వాట్సాప్ నెంబరు ఉన్న ఆ దుకాణంలో చూశాను.

ప్రశ్న (చిరుద్యోగి, తిరుపతి): నేను జీవితంలో ఏ యాప్‌లోనూ అప్పు తీసుకోలేదు. కానీ నెల రోజుల నుంచి ఎవరో ఫోన్ చేసి, నా పాత సహోద్యోగి అప్పు కట్టలేదనీ, నేను పూచీ ఉన్నాననీ తిడుతున్నారు. అతని ఫోటోను మార్ఫింగ్ చేసి నాకు పంపారు. నేనేమి తప్పు చేశాను?

జవాబు: మీరు చేసిన తప్పు ఏదీ లేదు. మీ నెంబరు మీ స్నేహితుని ఫోన్‌లో ఉంది, అంతే. అతను ఏ రాత్రివేళనో ఆస్పత్రి ఖర్చుకో, పిల్లల ఫీజుకో అయిదువేల కోసం ఒక యాప్ వేసుకుని ఉంటాడు. కాంటాక్టులు చూడటానికి అనుమతిస్తారా అని అది అడిగినప్పుడు, అనుమతించకపోతే అప్పు రాదు కనుక నొక్కి ఉంటాడు. ఆ ఒక్క నొక్కుతో అతని ఫోన్‌లో ఉన్న నాలుగైదు వందలమంది నెంబర్లు, వాటి పక్కన అతను రాసుకున్న పేర్లతో సహా, అప్పులవాళ్ల కంప్యూటర్‌కు చేరిపోయాయి. బాబాయి, పెద్దత్త, హెడ్ మాస్టారు గారు, వియ్యంకుడు అని మనం సేవ్ చేసుకున్న పేర్లే వాళ్లకు ఎవరి దగ్గర పరువు తీస్తే ఎక్కువ నొప్పో చెప్పేస్తాయి. వెనకటి వడ్డీవ్యాపారి వాకిట్లో కూర్చుని అరిచినా ఆ వీధివరకే వినిపించేది.

మీ ప్రశ్నలో ఒక పెద్ద చిక్కు దాగి ఉంది. గోప్యత గురించి ఎవరు మాట్లాడినా, ఎవరి సమాచారం వారి ఇష్టం, ఎవరి అనుమతి వారిది అంటారు. కానీ ఫోన్‌లో ఉన్న సమాచారం ఒక్కరి సొత్తుగా ఎప్పుడూ ఉండదు. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టానికి 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం లభించింది, నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. దాని ప్రకారం మీ నెంబరు మీ వ్యక్తిగత సమాచారమే, కాబట్టి అనుమతి అడగవలసింది మిమ్మల్ని. తెర మీద అడిగింది మాత్రం మీ స్నేహితుణ్ణి. ఈ రెండింటి మధ్య ఉన్న ఎడంలో మీలాంటివారు పడిపోతున్నారు. సంస్థల మీది ప్రధాన బాధ్యతలు నియమాలు వచ్చిన 18 నెలలకు గాని అమలులోకి రావు గనుక, ప్రస్తుతానికి మీకు ఎక్కువ అక్కరకొచ్చేవి రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో మార్గదర్శకాలుగా ఇచ్చి, 2025లో కొత్త ఆదేశాల్లోకి తీసుకున్న నియమాలు. అప్పు ఇచ్చే యాప్‌లు ఫోన్‌లోని కాంటాక్టులు, కాల్ వివరాలు, ఫోటోల జోలికి వెళ్లకూడదని అవి స్పష్టంగా చెబుతున్నాయి. కాంటాక్టులు అడిగిన యాప్ అక్కడే తప్పు చేసినట్టు. 2020 డిసెంబరులో తెలంగాణలో ఇలాంటి వేధింపులు తట్టుకోలేక కొందరు ప్రాణాలు తీసుకున్న తరువాత, హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేసి అరెస్టులు చేసిన ఉదంతం మీకు గుర్తుండే ఉంటుంది.

మీరు వాళ్లతో మాట్లాడవద్దు, ఒక్క రూపాయి కూడా పంపవద్దు. వచ్చిన నెంబర్లు, సందేశాలు తీసేయకుండా తెర ఫోటోలు తీసి ఉంచి, 1930కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. ఆ తరువాత మీ పాత సహోద్యోగికి కోపంతో కాకుండా ఒకసారి ఫోన్ చేయండి. అతనికి ఇప్పుడు ఎవరూ మామూలుగా ఫోన్ చేస్తూ ఉండరు.

ప్రశ్న (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డాలస్, అమెరికా): నెల్లూరులో అమ్మ ఒక్కరే ఉంటున్నారు. నాన్నగారు పోయాక భయమేసి హాల్లో, వంటింటి గుమ్మం దగ్గర కెమెరాలు పెట్టించాము. ఇక్కడ రాత్రి పడుకునే ముందు ఒకసారి చూసుకుంటే నాకు నిద్ర పడుతుంది. ఈమధ్య హాల్లో కెమెరా మీద అమ్మ తువ్వాలు కప్పుతున్నారు. అడిగితే దుమ్ము పడుతున్నదని అంటున్నారు. ఏమి చేయాలి?

జవాబు: దుమ్ము మాట నిజం కాదని మీకూ తెలుసు, అందుకే రాశారు. మీ అమ్మగారు మీ మనసు నొప్పించకుండా చెప్పగలిగినంత మర్యాదగా చెప్పారు.

మీకు రాత్రి పది అయినప్పుడు నెల్లూరులో ఉదయం ఎనిమిదిన్నరో, తొమ్మిదిన్నరో అవుతుంది. ఆవిడ తలస్నానం చేసి జుట్టు ఆరబెట్టుకునే వేళ, పేపరు పరుచుకుని కూర చిక్కుళ్లు వలిచే వేళ, పక్కింటావిడ వచ్చి కోడలి సంగతులు చెప్పుకునే వేళ. ఆ పక్కింటావిడకు కెమెరా సంగతి తెలిసిన రోజు నుంచి గుమ్మం బయటే నిలబడి మాట్లాడి వెళ్లిపోతూ ఉంటుంది. పనిమనిషి చీర కుచ్చెళ్లు బొడ్లో దోపి ఇల్లు తుడవాలంటే వెనకా ముందూ చూసుకుంటుంది. మీరు చూడకపోయినా చూస్తున్నట్టే మసలుకోవలసి రావడం, సొంత ఇంట్లో చుట్టపుచూపుగా వచ్చినట్టు ఉంటుంది. నాన్నగారిని తలుచుకుని ఏడవడానికి కూడా ఆవిడ వెనక గదిలోకి వెళుతున్నారేమో నాకు తెలియదు గాని, మీరు ఒకసారి ఆలోచించవలసిన విషయం అది.

ఇంట్లోవారు ఇంటి అవసరానికి పెట్టుకున్న ఇలాంటి ఏర్పాట్లకు ఆ 2023 చట్టం వర్తించదు. అందువల్ల ఇది మీకూ అమ్మగారికీ మధ్య తేలవలసిన మాట. మీ భయం అబద్ధం కాదు. ఒంటరిగా ఉన్న పెద్దావిడ జారిపడితే ఎవరికి తెలుస్తుందన్నది న్యాయమైన దిగులు. నా సలహా ఏమిటంటే లోపలి కెమెరాలు తీయించి, గేటు దగ్గర ఒకటి, వరండాలో ఒకటి ఉంచండి. ఆవిడ మెడలోనో చేతికో నొక్కితే ఫోన్లు మోగే బటన్ ఒకటి పెట్టించండి, ఇవి ఇప్పుడు మన ఊళ్లలోనూ దొరుకుతున్నాయి. పొద్దున కాఫీ అయ్యాక పక్కింటివారికి ఒక మిస్డ్ కాల్ ఇచ్చే అలవాటు కెమెరా కన్నా ముందు పలుకుతుంది. బయట ఉంచే కెమెరాలకు కూడా, బిగించినతను పెట్టిన పాస్‌వర్డ్‌నే వదిలేయకుండా వెంటనే మార్చండి. ఈ పని చేయని ఇళ్లు చాలా ఉన్నాయి, మీ ఇల్లు చూడగలిగేది మీరొక్కరే అన్న నమ్మకం అక్కడ చెల్లదు. ఇదంతా అమ్మగారిని అడిగి చేయండి. మొదటిసారి పెట్టించినప్పుడు అడిగారో లేదో మీ ఉత్తరంలో లేదు.

ప్రశ్న (ఇంజనీరింగ్ విద్యార్థిని, హైదరాబాదు): హాస్టల్లో ఉంటున్నాను. నా ఫోన్‌లో లొకేషన్ ఇరవై నాలుగు గంటలూ నాన్నకు కనిపించేలా ఒక యాప్ వేయమంటున్నారు. మా అన్నయ్యకు ఈ షరతు లేదు.

జవాబు: మీ ఉత్తరంలో చివరి వాక్యమే నాన్నగారికి చదివి వినిపించండి, దానికి ఆయన చెప్పే జవాబు వినాలని నాకూ ఉంది. యాప్ సంగతికి వస్తే, కుటుంబ సభ్యుల ఆచూకీ చూపే లైఫ్360 అనే అమెరికా యాప్ తన వాడకందార్లు ఎక్కడెక్కడ తిరిగారన్న సమాచారాన్ని డేటా వ్యాపారులకు అమ్ముతున్నదని 2021లో అక్కడి పాత్రికేయులు బయటపెట్టారు. నాన్నకు కనిపించేది నాన్నతోనే ఆగుతుందన్న హామీ లేదు. రాత్రి ప్రయాణాల్లో వాట్సాప్ లైవ్ లొకేషన్ పంపుతానని ఒప్పించండి. పావుగంట, గంట, 8 గంటలు అని మూడు గడువులు ఉంటాయి, గడువు తీరగానే అదే ఆగిపోతుంది. అన్నయ్య కూడా పంపితే మరీ మంచిది.

ప్రశ్న (అపార్ట్‌మెంటు వాసి, విశాఖపట్నం): ఎదురు ఫ్లాటాయన పెట్టుకున్న సీసీ కెమెరా సరిగ్గా మా గుమ్మంలోకి చూస్తున్నది. తలుపు తీస్తే మా హాలంతా దాంట్లో పడుతుంది. దొంగల భయం అంటున్నాడు.

జవాబు: తన గుమ్మాన్ని కాపాడుకునే హక్కు ఆయనకు ఉంది, మీ హాలును చూసే హక్కు లేదు. ఒకే ఇంట్లో వాటాలు పంచుకున్న అన్నదమ్ముల తగాదాలో, అందరి సమ్మతి లేకుండా నివాస భాగంలో కెమెరాలు నడపకూడదని కలకత్తా హైకోర్టు 2025లో తీర్పు ఇచ్చింది, సుప్రీంకోర్టు అందులో జోక్యం చేసుకోలేదు. అయినా కోర్టుదాకా పోకుండా, ఆయన్ని కాఫీకి పిలిచి మీ సోఫాలో కూర్చోబెట్టి, ఆయన ఫోన్‌లోనే ఆ కెమెరా తెరిచి చూడమనండి. తనకు తానే కనిపించేసరికి చాలామంది కెమెరాను కొంచెం పక్కకు తిప్పుతారు. తిప్పకపోతే సంఘం కార్యదర్శికి రాతపూర్వకంగా ఇవ్వండి.

ప్రశ్న (వ్యాపారి, కడప): ఇదంతా అతిభయం కాదా? తప్పు చేయనివాడికి దాచుకోవడానికి ఏముంటుంది?

జవాబు: ఈ మాట మన సుప్రీంకోర్టులో 60 ఏళ్ల కిందటే చర్చకు వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే ఆయనను 1941లో ఒక దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక వదిలేశారు. అయినా పోలీసులు ఆయన పేరున హిస్టరీ షీటు తెరిచి, రాత్రివేళ తలుపు తట్టి, కేకలు వేసి, నిద్రలేపి, ఇంట్లో ఉన్నాడో లేదో చూసి పోతుండేవారు. తప్పు రుజువు కాని మనిషే, దాచుకోవడానికి ఏమీ లేని మనిషే. 1962 డిసెంబరులో ఆ రాత్రి తనిఖీలను కోర్టు కొట్టివేసింది గాని, మిగతా నిఘాను ఉండనిచ్చి, గోప్యత మన రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదన్నది. దానితో విభేదించినవారు జస్టిస్ కోకా సుబ్బారావు, మన రాజమహేంద్రవరంవారు. గోప్యత వ్యక్తిస్వేచ్ఛలో విడదీయరాని భాగమనీ, ఎవరో కనిపెట్టి ఉన్నారన్న భావన మనసుకు వేసే సంకెళ్లు ఒంటికి వేసే సంకెళ్లకన్నా బలంగా పనిచేయగలవనీ ఆయన తేల్చారు. జస్టిస్ షా ఆయనతో ఏకీభవించారు.

ఆ అల్పసంఖ్యాక తీర్పు గెలవడానికి 55 ఏళ్లు పట్టింది. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామి తన 86వ ఏట, 2012లో, ఆధార్‌ను సవాలు చేస్తూ వేసిన పిటిషన్ నుంచి ఈ ప్రశ్న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ముందుకు వెళ్లింది. గోప్యత ప్రాథమిక హక్కేనని వారందరూ 2017 ఆగస్టు 24న ఒక్కమాటగా తీర్పు చెప్పారు. వారిలో ఒకరు కృష్ణా జిల్లా పెదముత్తేవికి చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్.

ఇక మీ దుకాణం దగ్గరికే వద్దాం. మీరు పన్ను ఎగ్గొట్టరు, కల్తీ చేయరు, అయినా ఏ సరుకు ఎవరి దగ్గర ఎంతకు తెస్తున్నారో ఎదుటి దుకాణంవాడికి చెబుతారా? మీ అమ్మాయికి ఎన్ని సంబంధాలు వచ్చి తప్పిపోయాయో, మీకు షుగరు ఎంత ఉందో, మీ తమ్ముడికి మీరు ఎంత చేబదులు ఇచ్చారో వీధిలో బోర్డు కట్టుకుంటారా? వీటిలో తప్పు ఒక్కటీ లేదు, అయినా దాచుకుంటాము. పైగా ఆ తప్పిపోయిన సంబంధం మీ ఒక్కరి రహస్యం కాదు, మీ అమ్మాయిది కూడా. ఆ చేబదులు మీ తమ్ముడి పరువు. మీరు మీ ఫోన్‌ను తెరిచి, నాకేమి భయం, చూసుకోండి అన్నప్పుడు వాళ్లిద్దరినీ అడగకుండా వాళ్ల తరఫున కూడా ఆ మాట అంటున్నారు.

ప్రశ్న (పాఠకుడు, శ్రీకాకుళం): గోప్యత మీద ప్రశ్నలు పంపమంటూనే, ఉత్తరంతో పాటు పూర్తి పేరు, ఇంటి చిరునామా, ఫోన్ నెంబరు, వయసు తప్పక రాయాలని మీ ప్రకటనలో వేశారు. ఎందుకు?

జవాబు: ఈ ఉత్తరం పట్టుకుని నేరుగా సంపాదకుల గదిలోకి వెళ్లాను. వయసు ఎందుకని అడిగితే, ఎప్పటి నుంచో ఆ నమూనా అలాగే వస్తున్నదన్నారు. ఫోన్ నెంబర్లు ఏమవుతున్నాయని అడిగితే, చందా విభాగంవారు వాటిని ఒక జాబితాగా రాసి పెట్టుకుని, దసరాకు, సంక్రాంతికి చందాదారులుగా చేరమని సందేశాలు పంపుతున్నారని తేలింది. ఈ విషయం ఇన్నేళ్లుగా ఈ శీర్షిక రాస్తున్న నాకు తెలియదు. అనుమతి తీసుకోకుండా రాసి పెట్టుకున్న ఆ నెంబర్లను జాబితా నుంచి తీసివేయించాము. వచ్చే సంచిక నుంచి ప్రశ్న, ఊరి పేరు రాస్తే చాలు. జవాబు ఉత్తరంలో కావాలనుకునేవారు మాత్రం చిరునామా రాసిన కవరు జతచేయండి, జవాబుతో పాటు అది మీ దగ్గరికే తిరిగి వస్తుంది.